సాంబ్రాణి పొగ

చనిపోయినవాళ్లను డిస్కు పెట్టెల్లో దాచుకుని, ఇంటింటా మాట్లాడించుకునే రోజులవి. వకుళ వాళ్లమ్మ పెట్టె దేవుడి అలమరలో ఉండేది. ఈమధ్య ఆవిడ మాట మధ్యలోనే తెగిపోతోంది. మనవరాలి పేరు కూడా మరిచిపోయింది.

మెకానిక్ కరీముల్లా పెట్టె విప్పి, లోపల గీతలు పడ్డ డిస్కు చూపించాడు. "పొగ పోయిందమ్మా లోపలికి. మసి గీసుకున్న చోటల్లా బ్యాడ్ సెక్టార్లే. అక్కడ దాచినవి ఇక రావు. మిగిలినవైనా ఉండాలంటే పొగ తగలనీకండి."

శుక్రవారం శుక్రవారం తన చేత్తో పట్టిన సాంబ్రాణి వకుళకు గుర్తొచ్చింది. పెట్టెను పడకగదిలోకి మార్చి స్విచ్చి వేసింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది అమ్మ. "మా వకుళను కాస్త పిలువు. శుక్రవారం కదా, నాకు సాంబ్రాణి పట్టాలి."