అడగని కొమ్మ

సలోమి టీచర్ హ్యాండ్‌బ్యాగులో దొంగసొత్తు ఉంది. జానెడు మందారపు కొమ్మ. తడి చేతిరుమాల్లో చుట్టి, కళ్లజోడు పెట్టె పక్కన దాచుకుంది.

పార్కులో మిగతావాళ్లంతా కానుగ చెట్టు కింద కబుర్లలో ఉన్నారు. నంద్యాల మిద్దెతోట మిత్రులంటే ఓ ఇరవై మంది. నెలకోసారి ఏదో ఒక తోట చూడ్డానికి పోతారు. ఒకరు పెయింటు బకెట్లో కాకర కాయించారు. ఒకరు బియ్యం సంచిలో ముల్లంగి తీశారు. జయలక్ష్మి అయితే రెండడుగుల బాల్కనీలో సొరపాదు పెడితే అది పక్కింటి కిటికీలో కాయ కాసిందని చెప్పి అందరినీ నవ్విస్తోంది. ఆ నవ్వుల చాటున సలోమి కొమ్మ తుంచింది.

ఊరికే తుంచలేదు. ఆ మందారం పొద్దున తెల్లగా పూసి, సాయంత్రానికి ఎర్రబడే రకం. ఆళ్లగడ్డలో వాళ్లమ్మ కృపమ్మ ఇంటి ముందర అట్లాంటిదే ఉండేది. ఎనిమిదేళ్ల కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. చూడలేక, కొట్టేవాళ్ల వైపు తిరగనైనా తిరగకుండా, సలోమి అమ్మను గబగబా ఆటో ఎక్కించి నంద్యాలకు తెచ్చేసుకుంది.

"కొమ్మన్నా తుంచుకున్యావా పాపా?" అని దారంతా అడిగింది అమ్మ.

తుంచుకోలేదు. సామాన్ల గొడవలో గుర్తే రాలేదు. అమ్మ పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. సలోమి మాత్రం మరిచిపోలేదు.

ఇక్కడ అడిగితే ఇచ్చేవాళ్లేమో. కానీ మొక్కలు తుంచరాదని అంత పెద్ద బోర్డు పెట్టిన చోట ఏం మొహం పెట్టుకుని అడగాలి? పైగా అడక్కుండా తెచ్చిన కొమ్మే త్వరగా నాటుకుంటుందని ఆ గుంపులో ఓ పిచ్చి నమ్మకం.

బ్యాగు జిప్పు వేసి తలెత్తింది. ఎదురుగా తోటమాలి ఓబయ్య, చేతిలో నీళ్ల పైపు. అంతా చూశాడు. చూసి, తల దించుకుని, పైపు అక్కడే పడేసి మోటారు గది వెనక్కి వెళ్లిపోయాడు.

నాలుగు తిట్టినా బాగుండేది. ముప్పై మూడేళ్లు బడిలో పువ్వులు తుంచకండ్రా అని పిల్లలకు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్న మనిషి. తల కొట్టేసినట్టయింది సలోమికి.

కొమ్మ మాత్రం సిగ్గూ ఎగ్గూ లేకుండా చిగురు వేసింది. ఏడాది తిరిగేసరికి బకెట్టు మొక్క నిండా మొగ్గలు. మిద్దె మీదికి వచ్చిన జయలక్ష్మి ఫోటో తీసి గ్రూపులో పెట్టేసింది.

"యాడిది టీచరక్కా ఇది? నంద్యాలంతా ఎతికినా నాకు దొరకల్యా."

"తెలిసినోళ్లు ఇచ్చినారులే."

ఆ అబద్ధం ఆడాక రెండు రోజులు అన్నం సయించలేదు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ వచ్చి చెంప మీద పడ్డట్టే ఉంది ఆమెకు.

పార్కుకు మళ్లీ మళ్లీ పోక తప్పలేదు. అందరూ పోదామంటే ఏమని మానుకుంటుంది? ఆమెను చూడగానే ఓబయ్య ఏదో పని ఉన్నట్టు మోటారు గది వెనక్కి తప్పుకునేవాడు. దొంగ మొహం చూడ్డానికి కూడా ఇష్టం లేదు కాబోలు అనుకుంది. ఒకసారైతే ఆమె చెప్పుల పక్కన పశువుల ఎరువు సంచి పెట్టి, మాట్లాడకుండా పోయాడు. ఎత్తుకుపోయిన మొక్కకు ఇది కూడా వేసుకో అన్నట్టు తోచింది. ఆ సంచి ముట్టుకోకుండానే ఇంటికి వచ్చేసింది.

నవంబరులో చర్చిలో కోతల పండుగ వచ్చింది. ఇంట్లో పండిందో పూసిందో తెచ్చి దేవుడి ముందర పెట్టాలి. ఏటా వంకాయలు పెట్టే సలోమిని ఈసారి అందరూ ఆ మందారమే తెమ్మన్నారు.

"నీ మిద్దె మీద దానికంటే బాగుండేది ఏముందక్కా?" అంది జయలక్ష్మి కూడా.

దొంగతనంగా తెచ్చినదాన్ని తీసుకుపోయి దేవుడి ముందర పెట్టడమా? పండుగ ముందురోజు సాయంత్రం బకెట్టుతో సహా ఆటో ఎక్కి పార్కుకు వచ్చింది సలోమి. ఓబయ్య తప్పుకునేలోపే మోటారు గదికి అడ్డంగా నిలబడింది.

"ఓబయ్యా, నీకు తెలుసు. పోయినేడు నేను అడక్కుండా కొమ్మ తుంచుకున్యా. తప్పు చేసినా. నీ మొక్క నువ్వు తీసుకో."

ఓబయ్య బకెట్టు అందుకోలేదు. ఎర్రబడిన పూలనే చూస్తూ నిలబడ్డాడు.

"నాకెందుకు టీచరమ్మా," అన్నాడు చివరికి. "మీదే ఉండనీండి."

"నాదెట్లయితాది? ఈడ చెట్టు నాటి పెంచింది నువ్వంట గదా. నన్ను చూసినప్పుడల్లా నువ్వు మొగం తిప్పుకుంటాంటే నాకు తలెత్తుకోను కాల్యా. తిట్టాలనుంటే తిట్టు. ఒక మాటన్నా అను."

"మిమ్మల్నా?"

ఓబయ్య తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతుల్లో నలిపాడు. ఆమె అడ్డం తొలగలేదు. అతను తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆపొద్దు ఆళ్లగడ్డలో మీయమ్మ వద్దు నాయనా, వద్దు నాయనా అని ఏడుస్తాన్నా ఇనకుండా గొడ్డలేసి ఆ మందారాన్ని కొట్టింది నేనే టీచరమ్మా, ఈడ నాటింది దాని కొమ్మనే."