ఇద్దరి పేర్ల ఇల్లు

ఈ ఉదయం వినీత్ నా బూట్లు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు. పెళ్ళయిన మూడేళ్ళలో ఇదే మొదటిసారి.

ఐర్లండ్‌లో మేముండే నేస్ ఊళ్ళో బ్యాంకు ఆఫీసరమ్మ మా ఇంటి లోను దరఖాస్తు పక్కన పెట్టింది.

"ఇద్దరి పేరుమీదా ఇవ్వలేం. మీ భార్య ఇక్కడే తీసుకున్న పాత లోను ఏడు నెలలుగా కట్టడం లేదు."

వినీత్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"భయపడకు బంగారం, మామయ్యగారికి చెప్పన్లే. ఇల్లు నా ఒక్కడి పేరునే తీసుకుందాం. డిపాజిట్‌కి నీ జీతంలో దాచింది ఉందిగా. ఇక్కడివాళ్ళన్నట్టు, అంతా గ్రాండ్!"

ఆఫీసరమ్మ ఆ పాత లోను కాగితం నా వైపు తిప్పింది. అడుగున ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో నా సంతకం ఉంది.

నేను చిన్నప్పటినుంచీ తెలుగులోనే సంతకం పెడతాను.