అప్పయ్య ఇంటి కప్పు

"మళ్ళీ తప్పే," అన్నాడు వెంకటరావు, ప్లాను మీద స్కేలు పెట్టి. "రెండడుగుల అడ్డానికి అడుగు ఎత్తు లేవాలి. ఇది అరడుగు దాటలేదు. ఐదేళ్ళుగా ఒకటే నియమం చెబుతున్నాను. ఈ బల్లకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది."

అప్పయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏటి సేస్తాం బాబూ. ఈసారి మా దేవుడమ్మ పట్టు పట్టినాది. కప్పు ఎత్తుగుంటే గాలికి ఎగిరిపోతాదంట."

"మీ ఆవిడ కోసం సంఘం నియమాలు మారవు."

వెంకటరావు ఇళ్ళ సంఘం కార్యదర్శి. మలయాలో తెలుక్ ఆన్సన్ ఊరి చివర కొత్త వీధిలో కప్పులన్నీ ఒకే వాలులో ఉండాలని సంఘం తీర్మానం. ఏడాదికి ఒక్కసారే, ఆగస్టులో, ప్లాన్లు తీసుకుంటారు. వెంకటరావుది పైనుంచి కిందికి చూసే పద్ధతి. మొదట కప్పు, తర్వాత గోడలు, తర్వాత పునాది, ఆఖర్న జాగా పట్టా, మిగతా కాగితాలు. అప్పయ్య ప్లాను ఏనాడూ కప్పు దాటి కిందికి దిగలేదు.

పక్కన తిమ్మయ్య తల దించుకుని కూర్చున్నాడు. ప్లాను గీసింది అతనే. సర్కారు ఆఫీసులో అతని పని అదే. అతని తండ్రీ అప్పయ్యా ఒకే తోటలో రబ్బరు చెట్లు గీశారు, కూలీల లైన్లో పక్కపక్క గదుల్లో ఉన్నారు. ఆ వరసతో మావా అని పిలుస్తాడు గనక గీయనని చెప్పలేడు. అప్పయ్య కొలతలు నోటితో చెబుతాడు, తిమ్మయ్య నియమం ప్రకారం గీసిపెడతాడు. ఆఖరి రోజున అప్పయ్య వచ్చి కప్పు మార్పిస్తాడు. మొదటి ఏడు లైను కప్పులా చదునుగా కావాలన్నాడు. రెండో ఏడు వాన నిలవకూడదని నిట్టనిలువుగా లేపించాడు. మూడో ఏడు ముందొక వాలు, వెనకొక వాలు. నాలుగో ఏడు ఎవరో మేస్త్రీ మాట విన్నాడు. ఇప్పుడు దేవుడమ్మ.

"ఇక వెళ్ళండి," అన్నాడు వెంకటరావు.

"కాయితం ఇప్పించండి బాబూ."

"నోటితో చెప్పానుగా."

"నోటిమాట మా ఆడది నమ్మదు. తప్పంతా నాదే అంటాది. పేరూ ఊరూ ఏసి, సీలు గుద్ది ఇప్పించండి."

టైపు కొట్టడమంటే వెంకటరావుకి ఎలాగూ ఇష్టమే. పేరు, చిరునామా, తేదీ, తిరస్కరించిన కారణం, కింద సంతకం, గుండ్రటి సీలు. అప్పయ్య ఆ ఉత్తరాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

బయట వీధంతా తోరణాలు కడుతున్నారు. మెర్డెకా, అంటే మలయాకి స్వతంత్రం, ఇంకో మూడు వారాలే. తిమ్మయ్య మాత్రం మండిపడుతున్నాడు.

"మావా, నీకు ఇల్లు కావాలా వద్దా?"

"ఇల్లు ఎవలికి వద్దురా అల్లుడా."

"మరి నేను గీసింది గీసినట్టు ఎందుకు ఉంచవు? యాభై రెండులో ఆ దొర ఏమన్నాడో మర్చిపోయినావా?"

అప్పయ్య మర్చిపోలేదు. తెల్లదొరల మీద కమ్యూనిస్టులు తిరగబడ్డ ఎమర్జెన్సీ రోజుల్లో ఆ అడవివాళ్ళు తోట ఆఫీసు తగలబెట్టినప్పుడు కూలీల పేర్ల పుస్తకాలన్నీ బూడిదయ్యాయి. మరుసటి ఏడు పౌరసత్వం కోసం వెళితే దొర అతని గుర్తింపు కార్డు తిరగేసి చూసి, "ఇది నువ్వెవరో చెబుతుంది. మధ్యలో ఇండియా పోయి రాలేదని చెప్పదు. ఐదేళ్ళు ఇక్కడే ఉన్నట్టు రుజువు తే," అని పంపేశాడు.

"సొంత ఇల్లుంటే అదే పెద్ద రుజువు," అన్నాడు తిమ్మయ్య. "వాలు పిచ్చితో ఐదేళ్ళు పోగొట్టినావు. రేపు పొమ్మంటే ఎక్కడికి పోతావు?"

అప్పయ్య ఉత్తరం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. "నాను అమ్మ సంకలో ఉండగా ఓడ దిగినాను. అక్కడ మా ఊరి పేరు కూడా సరిగా తెల్దు. పొమ్మంటే ఎవలి గుమ్మం ఎక్కాల? దేవుడమ్మయితే ఈ పక్కనున్న సుంగై సుమున్ ఊరు దాటి ఎరగదు." ఆ భయం ముందు తిమ్మయ్య కోపం నిలవలేదు.

స్వతంత్రం వచ్చిన ఆరు నెలలకి ఊరి బడిలో బల్లలు వేసి పౌరసత్వం దరఖాస్తులు తీసుకున్నారు. అప్పయ్యవీ దేవుడమ్మవీ ఫారాలు నింపడానికి తిమ్మయ్య తోడు వెళ్ళాడు. బల్ల వెనక మలాయి ఆఫీసరు అడిగింది పాత ప్రశ్నే. ఐదేళ్ళకి రుజువేదీ?

తిమ్మయ్య కలం పక్కన పెట్టేశాడు. అప్పయ్య మాత్రం చంకలోని బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ఐదు ఉత్తరాలు. ఏడాదికొకటి, అన్నిటి మీదా అదే పేరు, అదే చిరునామా, తేదీ, గుండ్రటి సీలు.

ఆఫీసరు ఒక్కొక్కటే చదివాడు. మూడో ఉత్తరం దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏటేటా ఇక్కడ ఇల్లు కట్టాలని చూసినవాడు ఇండియా ఎందుకు పోతాడు?" అని మలాయిలో అని, ఫారం మీద ముద్ర గుద్దాడు. దేవుడమ్మ ఫారం మీద కూడా గుద్దాడు.

మెట్లు దిగుతుంటే తిమ్మయ్యకి కళ్ళు చెమర్చాయి. నిన్నటిదాకా తిట్టినవాడే మావ భుజం తట్టాడు.

"నీ అదృష్టం మావా. తప్పుడు కప్పే నిన్ను కాపాడింది. ఇంక భయం లేదు కదా, ఈ ఆగస్టుకి మాత్రం నా మాట విను. రెండడుగులకి అడుగు, అంతే. ఎవరు చెప్పినా మార్చకు. పాసైన మర్నాడే పునాది తీద్దాం."

అప్పయ్య డబ్బా మూత గట్టిగా నొక్కి చంకలో పెట్టుకున్నాడు.

"తీయడానికి నాకు జాగా ఏదిరా అల్లుడా?"