మన్ననూరు దాకా ఆగుండ్రి

"చెయ్యను సేఠ్. ఇప్పుడైతే అసలే చెయ్యను."

ఆఫీసులో ఫోన్లు చూసే అతియా మాటకు లారీల ఓనరు రాంచందర్‌కు తల కొట్టేసినంత పనైంది. అన్నది ఎవరి ముందు? పరమేశ్వర్ ముందు! కల్వకుర్తిలో ఏ ఇల్లు లేచినా బండల లోడు ఆ కంట్రాక్టరు చెప్పిన లారీలోనే రావాలి. "నా డ్రైవర్లు ఒక్క రింగుకే నా ఫోన్ ఎత్తుతరన్నా" అని ఆయన వచ్చినప్పటి నుంచి రాంచందర్ ఒకటే కోతలు కోస్తున్నాడు.

"ఎత్తిచ్చి చూపియ్యి మరి," అన్నాడు పరమేశ్వర్ కుర్చీలో వెనక్కి వాలి. "నా మేస్త్రీలు పొద్దటి సంది గోళ్లు గిల్లుకుంట కూసున్నరు. నీ ఎల్లేశం బండి యాడుందో వాని నోటెంటనే నేను వినాలె. లేకుంటే రేపటి సంది నా లోడ్లన్నీ వేరేటోళ్లకు."

రాంచందర్‌కు ఉన్నవి నాలుగే లారీలు. ఆ లోడ్లు పోతే నాలుగూ ఆఫీసు ముందు నిలబడి ఎండకు ఎండాల్సిందే.

"అతియా! నకరాలు చెయ్యకు. ఎల్లేశానికి ఫోన్ కలుపు."

"ఎల్లేశమన్న శ్రీశైలం ఘాట్ల ఉన్నడు సేఠ్. నడిచే బండికి నేను ఫోన్ చెయ్య. మన్ననూర్ల చాయ్‌కు ఆపుతడు, ఆడికెల్లి ఆయనే చేస్తడు. జర ఆగుండ్రి."

"ఆగుడేంది? నీకు జీతమిచ్చేది నేనా, ఎల్లేశమా?"

"మీరే. గందుకే మీ బండి బాగుండాలని చూస్తున్న." అతియా గొంతు పెంచలేదు. తలా దించలేదు. "పోయినేడు మీ ఫోన్ ఎత్తబోయే కదా పోచయ్యన్న బండిని గుట్టకు కొట్టిండు? ఇయ్యాల్టికీ కుంటుతాండు."

ఆ మాట రాంచందర్‌కు సుర్రున తగిలింది. తగిలిందని ఒప్పుకుంటే ఇక సేఠ్ ఎట్లా అవుతాడు?

"రేపటి సంది పనికి రాకు!" అని అరిచాడు.

"సరే సేఠ్. ఎల్లేశమన్న మన్ననూరు చేరినంక లేచి పోత." కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

రాంచందర్ విసురుగా లేచాడు. కాలికి వైరు తట్టుకుని పడబోయాడు. గోడ ప్లగ్గు నుంచి అతియా టేబుల్ సొరుగులోకి పోయిన ఛార్జర్ వైరు అది. "పొద్దుమాపు గీ ఛార్జింగేంది? కరెంటు బిల్లు మీ నాయిన కడుతడా?" ఆ కోపమూ ఆమె మీదే చూపించాడు. అతియా వైరు సరిచేసింది.

అంతలో టేబుల్ మీదున్న ఆమె చిన్న ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"చెల్లే, ఎల్లేశాన్ని. మన్ననూర్ల బండి పక్కకు పెట్టిన. ఒక్క బండ గూడ పగల్లే. చాయ్ తాగి ఎల్తున్న, మాపటికల్ల దించుతం."

"మంచిదన్నా. పైలం."

పరమేశ్వర్ మొహం విచ్చుకుంది. నోరు మాత్రం ఊరుకోలేదు. "లోడ్లు నీకేలే గని, రాంచందరన్నా, నీ డ్రైవర్లు వినేది నీ మాట కాదే. ఈ పిల్ల మాట."

రాంచందర్‌కు ఒళ్లు మండిపోయింది. లోడ్లు నిలిచినా పరువు నిలవద్దా? ఏడాదిగా ఆయన కుర్చీలోంచి అతియాకు "బండ్లు యాడున్నయో అడుగు" అని కేకెయ్యడమే గాని తన చేత్తో నంబరు నొక్కింది లేదు. ఇవాళ జేబులోంచి ఫోన్ తీశాడు.

"సూడన్నా! చాయ్ గ్లాసు ఇడిసిపెట్టి ఎత్తుతడు!"

ఎల్లేశం నంబరు నొక్కాడు. రింగు వినిపించింది, ఆఫీసులోనే! అటూ ఇటూ చూసి కట్ చేశాడు. ఆగిపోయింది. అనుమానంగా రెండో డ్రైవరు పర్వతాలు నంబరు నొక్కాడు. అతియా టేబుల్ సొరుగులోంచి ఇంకో పాట మోగింది.

ఆమె నిదానంగా సొరుగు లాగింది. లోపల నాలుగు ఫోన్లు, ఒక్కోదాని మీద ఒక్కో డ్రైవరు పేరు అంటించి ఉంది.

"పోచయ్యన్న దెబ్బ తిన్నకాడికెల్లి నలుగురూ ఇవి ఈడనే ఇడిసి పోతున్నరు సేఠ్. కొత్త నంబర్లు నా ఒక్కదానికే ఇచ్చిండ్రు."

పర్వతాలు ఫోన్ ఇంకా పాడుతూనే ఉంది. దాని మీద 'సేఠ్' అని వెలుగుతోంది.

అతియా దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఒక్క రింగుకే ఎత్తమంటరా, సేఠ్?"