మకిలి గుడ్లు

"మళ్లీ!" అని పెరట్లోంచి కేక వినపడగానే కోడలి చేతిలో చెంచా ఆగిపోయింది.

మామగారు ఒక గుడ్డును రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. గుడ్డు నిండా రెట్ట. రెండో చేతిలోని బుట్టలో ఉన్నవాటిదీ అదే అవతారం.

"కోళ్లు మళ్లీ గుడ్ల పెట్టెల్లోనే పడుకున్నాయి. పడుకున్నచోటే రెట్ట వేశాయి. తెల్లారి అందులోనే గుడ్లు పెట్టాయి. వీటిని బేకరీకి ఏ మొహం పెట్టుకుని ఇవ్వమంటావ్?"

గూడు ఊడ్చేదీ, పెట్టెల్లో గడ్డి మార్చేదీ కోడలే. అందుకని గుడ్డు పాడైతే మాట పడేదీ ఆమే.

రిటైరయ్యేదాకా మామగారు మిల్లు గేటు దగ్గర పనిచేశాడు. షిఫ్టు దిగి ఇంటికెళ్లేవాళ్ల సంచులు తడమడం, క్యారియర్లు తెరిపించి చూడటం ఆయన ఉద్యోగం. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. పంచదార డబ్బా మూత కాస్త వదులుగా ఉంటే చాలు, ఇంట్లో ఏదో కుట్ర జరుగుతున్నట్టే ఆయనకు. బేకరీ యజమాని పాత స్నేహితుడు. శుభ్రమైన గుడ్లన్నీ నీకేనని ఆయనకు మాటిచ్చాడు. కడిగిన గుడ్డు నిలవుండదని బేకరీలో తీసుకోరు. కాబట్టి మకిలివీ, పగిలినవీ మాత్రమే ఇంట్లో వాడకానికి.

అత్తగారు బుట్టలోకి తొంగిచూసి ముక్కు మూసుకుంది.

"ఛీ ఛీ! ఇవి ఇంకెవరు ముడతారు? నీ పనితనమేగా, నువ్వే తిను" అంది కోడలితో. "కడుగు, ఉడకబెట్టు, నా కళ్లెదురుగా తిను. పచ్చసొన వదిలావంటే ఊరుకోను."

ఏడో నెల కడుపుతో ఆ పిల్ల, పాపం, మింగలేక మింగింది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, చివరి ముక్క గొంతు దిగేదాకా కదల్లేదు.

మామగారు మొదట పక్కింటి పిల్లిని అనుమానించాడు. తర్వాత పక్కింటాయన్ని. కోడి ఎప్పుడూ ఎత్తయిన చోటే పడుకుంటుందని ఎవరో చెబితే, గూట్లో అడ్డకర్రను పెట్టెలకంటే పైకి బిగించాడు. పెట్టెలకు గోనెగుడ్డ తెరలు కట్టాడు. సాయంత్రం కోళ్లు ఒక్కొక్కటే ఎగిరి కర్రమీద వరసగా కూర్చోవడం కళ్లారా చూసుకుని, మీసం దువ్వుకుంటూ బేకరీ దగ్గర కబుర్లకు వెళ్లాడు.

తెల్లారి చూస్తే కోళ్లన్నీ పెట్టెల్లోనే ఉన్నాయి. ఒకటి ఆయన్ని చూసి తీరిగ్గా ఆవులించింది కూడా.

ఇక ఆయన గేటు బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. చీకటి పడితే కోడికి కళ్లు ఆనవు. కర్రెక్కిన కోడి తనంతట తాను దిగదు. అంటే ఎవరో దింపుతున్నారు. ఆ సాయంత్రం బయల్దేరేముందు, ఎవరికీ చెప్పకుండా, గూటి తలుపుకు అడ్డంగా నల్లదారం కట్టాడు.

పొద్దున్నే దారం తెగి ఉంది.

"ఇలా రా" అని కోడల్ని పిలిచాడు. "నిన్న సాయంత్రం నేను లేనప్పుడు పెరట్లోకి వెళ్లావా?"

"వెళ్లాను మావయ్యా. ఆరేసిన బట్టలు తీయడానికి."

"గూట్లోకి?"

"లేదు మావయ్యా. నేను వంగలేను కదా."

"ఆస్పత్రిలో నర్సమ్మ నీకు రక్తం తక్కువగా ఉందని గుడ్లు తినమంది. శుభ్రంగా ఉంటే బేకరీకి పోతాయి. మకిలైతే నీ కంచంలోకి వస్తాయి. లాభం ఎవరికో చంటిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు."

కోడలి కళ్లు నిండిపోయాయి. "నా కడుపులో బిడ్డ మీద ఒట్టు మావయ్యా..."

"ఒట్లూ గిట్లూ వద్దు!" అత్తగారి అరుపుకి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "నోర్మూసుకుని లోపలికి నడు."

కోడలు వెళ్లాక ఆయన జేబులోంచి కొత్త తాళం తీశాడు.

"ఇవాళ్టి నుంచి గూటికి ఇది. తాళంచెవి ఒక్కటే, నీ దగ్గరే ఉంటుంది. కోళ్లు కర్రెక్కాక నువ్వే వేయి, తెల్లారి నువ్వే తీయి. రేపు గుడ్లు శుభ్రంగా వచ్చాయా, దొంగ దొరికినట్టే. కోడల్ని పుట్టింటికి పంపించేస్తా. మనబ్బాయి డ్యూటీ నుంచి వచ్చాక వాడితో ఏం చెప్పుకుంటుందో చెప్పుకోనీ."

"తాళం వేశాక కూడా మకిలిగా వస్తే?"

"అప్పుడది కోళ్ల తెగులే. ఇక జన్మలో ఆ పిల్లని పల్లెత్తు మాట అనను."

"నన్నూ అనుమానించరు కదా?"

మామగారు ఫక్కున నవ్వాడు. "ఇన్నేళ్ల కాపురంలో నీ సంచి ఎప్పుడైనా తడిమానా?"

అత్తగారు తాళంచెవి అందుకుని గుప్పిట్లో బిగించింది.

"సరే, తేలిపోనీండి."

సాయంత్రం ఆయన ఎప్పటిలాగే బేకరీకి వెళ్లాడు. లోపలి గదిలో కోడలు ముక్కు ఎగబీలుస్తూ అప్పుడే సంచిలో బట్టలు సర్దుకుంటోంది. పెరట్లో కోళ్లు కూడా ఆ రోజు ఎన్నడూ లేనంత బుద్ధిగా, ఒకదాని వెనక ఒకటి ఎగిరి కర్రమీద సర్దుకున్నాయి.

బాగా చీకటి పడ్డాక అత్తగారు గూట్లోకి వంగి వెళ్లి, రోజూ చేసేటట్టే ఒక్కో కోడినీ మెల్లగా చంకనెత్తుకుని దించి, గుడ్ల పెట్టెల్లో పడుకోబెట్టి, అప్పుడు తాళం వేసింది.