రాజుగారి నెత్తి

“ఛీ, ఇవేం గ్రాఫిక్సే సమీరా! పైనుంచి చూస్తే రాజుగారి నెత్తి తప్ప మొహమే కనపడదు. అదీ ఈ డొక్కు బటన్ల ఫోన్లో!” చెల్లెలు తయారుచేసిన ఆట చూసి సలీం మొహం చిట్లించాడు.

“అమ్మ కోసం చేశానన్నా.”

“ఆటంటే ఇలా ఉండాలి.” మిరపకాయల తొడిమలు తీసే పనికెళ్ళి అప్పుడే వచ్చిన తల్లికి తన టచ్‌ఫోన్ అందించాడు. తెర మీద మాంత్రికుడు నిప్పులు కక్కుతున్నాడు.

నసీమున్నీసా చేతులు వెనక్కి దాచుకుంది. “నాకొద్దయ్యా. మొన్న నేను ముట్టుకుంటే, ఘాటు అంటి నీ కళ్ళు మండాయని ఎంత గోల చేశావ్! పొద్దస్తమానం కాయల రాశిని వంగి చూసేదాన్ని, నాకు పైనుంచి చూడ్డమే తేలిక.”

ఆమె తన పాత ఫోన్ బటన్ నొక్కింది. రాజుగారి నెత్తి కదిలింది. ఆమె పకపకా నవ్వింది.

ఆనాడు అమ్మ ఎదుటే స్పిరిట్‌తో తుడిచిన తన ఫోన్‌ను చూసుకుంటే సలీంకి తన మీద తనకే రోత పుట్టింది.