మోదుగ చెట్టు ఆనవాలు

“అక్కా, ఏం రాసిండ్లో జర సదువు. కండ్లద్దాలు ఇంట్లనే మర్చిన.”

చెల్లెలు పుష్ప చేతిలో పెట్టిన ఫోన్‌లోకి రాజలక్ష్మి తొంగి చూసింది. తెర మీద తెలుగులో స్పష్టంగా ఉంది: ‘జలపాతానికి ఎడమ పక్క, మోదుగ చెట్టు మొదట్లో.’

“కుడి పక్క... ఇప్ప చెట్టు మొదట్ల అని రాసిండ్లు,” అంది రాజలక్ష్మి.

చెల్లెలి ఉత్తరాలు పరాయివాళ్లతో చదివించుకోలేక, తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్న మనిషి. ఆ చదువును అబద్ధానికి వాడడం ఇదే మొదలు.

ఏం చేస్తుంది మరి? సాయంత్రం జగిత్యాలలో, కొడుకుండే భివండికి బస్సెక్కితే పుష్ప మళ్లీ ఎప్పుడొస్తుందో! కిటికీలోంచి ఊగే ఆ చెయ్యి నెలల తరబడి రాజలక్ష్మి కలలోకి వస్తుంది. ఉండమంటే ఉండే రకం కాదు పుష్ప. “కొడుకు ఎదురుజూస్తడు” అంటుంది. కానీ మనవరాలు నేర్పిన ఈ ఆటంటే మాత్రం పిచ్చి. ఎవరో అడవిలో చిన్న డబ్బా దాచి, ఆ జాగా ఫోన్లో పెడతారట. వెతికి పట్టుకున్నవాళ్లు అందులోని కాగితం మీద పేరు రాసి, డబ్బాను మళ్లీ అక్కడే పెట్టాలట. “గా డబ్బా దొరకంది బస్సెక్కే ముచ్చటే లేదు” అని పొద్దున కోరుట్లలో ఇంటిల్లిపాది ముందూ పుష్పే ఒట్టు పెట్టుకుంది.

కొడిమ్యాల అడవిలో వాన వెలిసి, నీళ్లు బండల మీంచి హోరున దుముకుతున్నాయి. గుట్టల మధ్య సిగ్నల్ సరిగ్గా అందక ఫోన్లో బాణం గుర్తు దిక్కుకోసారి తిరుగుతోంది. అదీ ఒకందుకు మంచిదే అనుకుంది రాజలక్ష్మి.

“గీడ చీమలు తప్ప ఏం లేవే అక్కా!” ఇప్ప చెట్టు కింది ఆకులను కట్టెతో కెలికింది పుష్ప.

“మంచిగ దేవులాడు. యాడికి పోతది?”

అంటూనే రాజలక్ష్మి “అమ్మో!” అని ఒంటికాలి మీద నిలబడింది. పుష్ప అక్క కాలు ఒళ్లోకి తీసుకుని, గాజులకున్న పిన్నీసుతో ఒక్క పొడుపులో ముల్లు లాగేసింది.

“ఎంటికంత ముల్లుకు గింత లొల్లా! రా, జర కూసుందాం.”

ఎడమ పక్కకు నడిచి, సరిగ్గా మోదుగ చెట్టు మొదట్లోనే సిరిసిల్ల తువ్వాల పరిచి కూలబడింది. రాజలక్ష్మికి పై ప్రాణాలు పైనే పోయాయి.

“ఆడ కాదే! పాములుంటయ్!”

“ఉంటే ఉండనియ్. నాకు గీడ్నే సల్లగుంది.”

ఇద్దరూ సర్వపిండి తింటుంటే, బాట మీద ఆటో ఆపుకుని చూసి చూసి విసిగిన భూమేశ్ పైకొచ్చాడు.

“ఇంక దొర్కలేదా అమ్మా? జర జరుగుండ్రి, నేను సూస్త. గిసొంటియి చెట్టు ఏర్ల సందుల్లనే పెడ్తరు.”

రాజలక్ష్మికి సర్వపిండి గొంతులో అడ్డం పడింది.

“అగో, అక్కకు పొలమారింది! ఉరుకు కొడుకా, నీళ్లు పట్టుకరా!” పుష్ప కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. నీళ్లు తెచ్చాక మళ్లీ అంది: “దేవులాడేదుంటే కుడి దిక్కు పో. ఇప్ప చెట్టు అని అక్క సదివింది గద!”

భూమేశ్ ఇప్ప చెట్టు చుట్టూ తిరిగి చేతులు దులుపుకున్నాడు. “ఏం లేదమ్మా. పొద్దు గూకుతాంది, ఇగ జగిత్యాల బస్సు అందది.”

పుష్ప నిట్టూర్చి, భివండిలోని కొడుక్కి ఫోన్ కలిపింది. “ఏం జేద్దు ప్రకాశ్, డబ్బా దొర్కలే. నేనేమో ఒట్టు వెట్టుకుంటి. గిప్పుడే రాను తీయ్.”

ఆటోలో చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చున్న రాజలక్ష్మికి తప్పు చేసినట్టే అనిపించింది. చెప్పేద్దామా?

“పుష్పా...”

“ఏందక్కా?”

“ఏం లేదు. రేపు మళ్ల అడివికి అద్దాం.”

“అద్దాం. నువ్వే సదువాలె మరి.”

ఇంతలో ఫోన్ టింగుమంది. ప్రకాశ్ మెసేజ్. “ఇటు తే, సదివి చెప్త,” అని చెయ్యి చాచింది రాజలక్ష్మి.

“గిది నేను సదువుకుంట తీయ్,” అంటూ పుష్ప రవికెలోంచి కండ్లద్దాలు తీసింది.